నిలబడితే తగ్గే నొప్పి

1948లో ఆయన బొమ్మ ఆళ్లగడ్డ సంతకొచ్చే ప్రతి రైతు మొలసంచిలోనూ ఉండేది. రూపాయి బిళ్లకు ఒకవైపు కిరీటం పెట్టుకున్న తల, రెండోవైపు నడుస్తున్న పులి. స్వాతంత్ర్యం వచ్చినా నాణేలు ఇంకా మారలేదు. ఆ మాటకొస్తే 1950 జనవరి 26 దాకా చట్టం ప్రకారం మనకూ ఆయనే రాజు. ఆరో జార్జి. పక్కనున్న బనగానపల్లె నవాబుగారి సంస్థానం ఆ ఏడాదే మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయింది. రాజులూ నవాబులూ పాతబడిపోతున్న రోజులవి.

నడిచే పులి బిళ్ల మీదున్న ఆ రాజుకు నడవడమే గండమైందని మాత్రం సంతలో ఎవరికీ తెలియదు.

ఎడింబరోలో హోలీరూడ్ ప్రాసాదం పక్కనే ఆర్థర్స్ సీట్ అనే కొండ ఉంది. ఎత్తు 251 మీటర్లు. నల్లమల చూసిన కళ్లకు అది గుట్ట కిందే లెక్క. రాజుకు కొండల్లో తిరగడం, వేటాడడం అలవాటే. అలాంటివాడు ఆ గుట్ట ఎక్కుతూ, ఈ కాళ్లకేమొచ్చిందో, చెప్పినమాట వినడం లేదని విసుక్కున్నాడట. ఆ రోజు వెంట ఉన్న సైనికాధికారి పీటర్ టౌన్‌సెండ్ చాలాకాలం తర్వాత ఆ సంగతి రాశాడు.

1948 జనవరి నుంచి రెండు కాళ్లూ పట్టేయడం మొదలైంది. ఆగస్టు నాటికి నొప్పి లేని పూట తక్కువ. అక్టోబరు వచ్చేసరికి ఎడమ పాదం పగలంతా మొద్దుబారి ఉండేది, రాత్రిపూట నొప్పి నిద్రపోనిచ్చేది కాదు. తర్వాత బాధ కుడికాలికి మళ్లింది. వయసు చూస్తే 52. చుట్టూ ఆస్థాన వైద్యులు, పిలిస్తే పరుగెత్తుకొచ్చే నిపుణులు. అయినా ఆ కాళ్లను వైద్యులు పట్టించుకుని చూసేసరికి అక్టోబరు అయింది. కొలువులో డాక్టర్లున్న రాజుకే పది నెలలు పట్టింది. ఆళ్లగడ్డకు పోవాలంటే ఒక పూట కూలి పోగొట్టుకోవాల్సిన మనిషి ఆలస్యం చేశాడని కోప్పడే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

నవంబరు 12న ప్రొఫెసర్ జేమ్స్ లెర్మంత్ వచ్చాడు. రక్తనాళాల శస్త్రచికిత్సలో ఆరితేరినవాడు. చూసి చెప్పింది సూటిగానే ఉంది. కాళ్లకు రక్తం తీసుకెళ్లే ధమనులు గట్టిపడి పూడుకుపోతున్నాయి. కుడికాలు కుళ్లు పట్టే ప్రమాదం ఉంది. పడితే తీసేయక తప్పదు.

అప్పుడు పెద్దకూతురు ఎలిజబెత్ నెలలు నిండి ఉంది. ఆమెకు తెలియనివ్వొద్దని రాజు కట్టడి చేశాడు. నవంబరు 14న మనవడు చార్లెస్ పుట్టాడు. రాజు జబ్బు సంగతి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటన వాయిదా పడిన సంగతి నవంబరు 23న లోకానికి చెప్పారు. బిడ్డ కాన్పు అయ్యేదాకా తన జబ్బు దాచుకోవడంలో లండన్ రాజుకూ మన ఊరి పెద్దాయనకూ తేడా ఏమీ లేదు.

వారాల తరబడి మంచం మీదే ఉంచారు. కాలు తీసే గండం తాత్కాలికంగా గడిచింది. 1949 మార్చి 12న బకింగ్‌హామ్ ప్రాసాదంలోనే ఒక గదిని ఆపరేషన్ థియేటరుగా మార్చి, లెర్మంత్ శస్త్రచికిత్స చేశాడు. పూడిక తీయడం కాదది. అప్పటికి ఆ విద్య ఇంకా తొలి అడుగుల్లోనే ఉంది. రక్తనాళాలను బిగించి పట్టే నరాల తంతును నడుము దగ్గర కోసేస్తే, మిగిలిన చిన్న నాళాలు కాస్త సడలి పాదానికి కొంత రక్తం ఎక్కువ అందుతుంది. అంతే. చక్రవర్తి అనిపించుకున్నవాడికి ఆనాటి వైద్యం ఇవ్వగలిగింది అంతవరకే. కోలుకున్నాక రాజు పడకగదిలో ఉండగానే కత్తి తెప్పించి, నీ కత్తి నామీద వాడావుగా, ఇప్పుడు నా వంతు అంటూ ఆ సర్జన్ భుజానికి తాకించి సర్ బిరుదు ఇచ్చాడని చెబుతారు.

కాలు దక్కింది. ఆయన తాగిన సిగరెట్టు మాత్రం ముందే తన పని చేసేసింది. 1951 సెప్టెంబరు 23న క్యాన్సరు వచ్చిన ఎడమ ఊపిరితిత్తిని తీసేశారు. 1952 ఫిబ్రవరి 6న నిద్రలోనే పోయాడు. గుండె రక్తనాళంలో గడ్డ. వయసు 56.

గుండెలో గడ్డ అన్న ఆ మాట దగ్గర కాసేపు ఆగాలి. కాలిలో మొదలై గుండెలో ముగిసిన కథ ఇది. డాక్టర్లు దీన్ని పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్ అంటారు, పొట్టిగా పి.ఎ.డి. మనవాళ్ల భాషలో ‘కాలికి రక్తం ఆడకపోవడం’. పేరులో కాలు ఉన్నా జబ్బు ఒళ్లంతటిది. కాలి ధమనిలో కొవ్వూ సున్నమూ పేరుకున్నాయంటే, గుండెకూ మెదడుకూ వెళ్లే ధమనుల్లోనూ ఎంతో కొంత పేరుకునే ఉంటుంది. మన బోరునీళ్లకు డ్రిప్పు పైపుల్లో ఉప్పు పట్టినప్పుడు, చివరి చెట్టు ఎండేదాకా రైతుకు తెలియదు. పాదం ఆ చివరి చెట్టు. అందుకే కాలినొప్పితో వచ్చిన మనిషిని కాపాడడమంటే, రాబోయే గుండెపోటునూ పక్షవాతాన్నీ ముందే పసిగట్టడం. జార్జికి ఆ అవకాశం మూడేళ్ల ముందే వచ్చింది. కానీ అప్పటికి ఈ లంకె ఎంత గట్టిదో తెలిసినవాళ్లు తక్కువ. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్లు ఇంకా పుట్టనే లేదు.

ఇక మన కొండకు వద్దాం.

ఎగువ అహోబిలం గుడి దాటి జ్వాలా నరసింహస్వామి దగ్గరికి పోయే దారి నడిచినవాళ్లకు చెప్పక్కర్లేదు. చేతికర్ర పుచ్చుకుని బయల్దేరాలి. భవనాశి వెంబడి రాళ్లు, వంతెన, మెట్లు, మళ్లీ రాళ్లు, మళ్లీ మెట్లు. ఆ పైన ఉగ్రస్తంభం ఎక్కేవాళ్ల సంగతి వేరు. నడవలేని వాళ్ల కోసం డోలీలు మోసేవాళ్లు కాచుకుని ఉంటారు. దేవుడి కోసం కట్టిన మెట్లే గానీ, కాలి ధమనులకు ఇంతకంటే మంచి పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ లేదు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసేదీ ఇదే.

ఇక్కడ కనిపించబోయే పెద్దాయనకు పేరు పెట్టడం లేదు. ఆయన ఒక్కడు కాదు. ఈ మెట్ల మీద ఏ సెలవురోజైనా వినిపించే మాటలన్నీ కలిపితే ఆయన అవుతాడు. అరవై దాటిన రైతు. పదేళ్లుగా షుగరు. జేబులో బీడీకట్ట. వెంట భార్య, అల్లుడు, కర్నూలు మెడికల్ కాలేజీలో చదివే మనవరాలు.

“మామా, డోలీ మాట్లాడేదా?”

“డోలీ ఎందుకు అల్లుడా! రోంత సేపు నిలబడితే అదే పోతాది. మళ్లా నడుస్తా.”

“కింద ఒకసారి నిలబడితివి. బ్రిడ్జి కాడ నిలబడితివి. ఇప్పుడు ఈడ.”

“పిక్క పట్టేస్తాంది, అంతే. వయసైపాయ కదా.”

భార్య అందుకుంటుంది: “వయసు లేదు ఏం లేదు. మొన్న చేనికాడ గూడా ఇట్లే. గట్టు మొదట్లో ఒకసారి, వేపచెట్టు కాడ ఒకసారి నిలబడాల్సిందే. అది వాతం. నూనె పట్టించుకోమంటే ఇనడు.”

మనవరాలికి కావలసిన ముక్క అవ్వ నోటి నుంచే వచ్చేసింది. గట్టు మొదట్లో ఒకసారి, వేపచెట్టు దగ్గర ఒకసారి. అంటే ప్రతిసారీ దాదాపు అంతే దూరం. నొప్పి వచ్చే చోటు కీలు కాదు, పిక్క కండ. కూర్చోవక్కర్లేదు, వంగక్కర్లేదు, ఊరికే నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. మళ్లీ అంతే దూరం నడిస్తే మళ్లీ వస్తుంది. ఈ నాలుగూ కలిశాయంటే వయసునో వాతాన్నో తిట్టడం మానేసి రక్తనాళాన్ని అనుమానించాలి.

ఎందుకంటే కండకు పనిలో ఉన్నప్పుడు రక్తం ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. కూర్చున్న కాలికి సన్నబడిన ధమని సరిపోతుంది. మెట్లెక్కే కాలికి చాలదు. చాలకపోతే కండ అరుస్తుంది. ఆగితే అవసరం తగ్గి అరుపు ఆగుతుంది. మోకాలి అరుగుదల నొప్పి ఇలా లెక్కగా రాదు, మొదటి అడుగులోనే పలకరిస్తుంది, మెట్లు దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. వెన్నులో నరం నలిగినవాళ్లకూ నడిస్తే కాళ్లు లాగుతాయి గానీ, వాళ్లకు ఊరికే నిలబడితే తగ్గదు, కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. ఈ తేడా డాక్టరుకు చెప్పగలిగితే సగం రోగనిర్ధారణ మీరే చేసినట్టు. ‘కాళ్లనొప్పులు సార్’ అని ఒక్కమాట అనేసి వస్తే మాత్రం రంగురంగుల నొప్పిబిళ్లలూ, బీకాంప్లెక్సు సూదీ తప్ప ఏమీ రావు.

మెట్టు మీద కూర్చోబెట్టి మనవరాలు తాత పాదం మీద వేళ్లు పెట్టింది.

“దండం ఇంటికి పోయినాక పెడుదువులేమ్మా,” అన్నాడాయన, చుట్టూ చూసి సిగ్గుపడుతూ.

“దండం కాదు తాతా, నాడి చూస్తాండా.”

“నాడి చేతికి చూస్తారు గానీ కాలికి యాడన్నా చూస్తారా?”

చూస్తారు. చూడాలి. చూడకపోవడమే మన దౌర్భాగ్యం. పాదం పైభాగాన, బొటనవేలి ఎముక, రెండో వేలి ఎముక మధ్యలోంచి పైకి జరిపితే ఒక చోట నాడి కొట్టుకుంటుంది. చీలమండ లోపలి గుబ్బ వెనక ఇంకొకటి. గట్టిగా నొక్కితే అందదు, మెత్తగా పెట్టాలి. కొందరిలో పుట్టుకతోనే పాదం పైనాడి దొరకదు, అందుకే చీలమండ వెనకా చూడాలి. రెండు కాళ్లూ పోల్చాలి. కుడికి టకటకా తగిలి ఎడమకు రెండు చోట్లా ఏమీ తగలకపోతే, ఆ కాలు కాస్త చల్లగా కూడా ఉంటే, పిక్క మీద వెంట్రుకలు రాలి చర్మం నున్నగా మెరుస్తుంటే, ఇక ఆలోచించడానికేమీ లేదు.

ఆ తర్వాత చేసే పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బీపీ పట్టీ, చేతిలో ఇమిడే డాప్లర్ కలం ఉంటే చాలు. చేతి దగ్గర బీపీ ఎంత, చీలమండ దగ్గర ఎంత అని చూసి భాగిస్తారు. చేతికి 140 ఉండి చీలమండకు 84 వచ్చిందనుకోండి, లెక్క 0.6. ఆరోగ్యంగా ఉన్న మనిషికి 1.0 నుంచి 1.4 మధ్య ఉంటుంది. 0.9కి దిగిందంటే జబ్బున్నట్టే. చాలాకాలంగా షుగరున్నవాళ్లలో ధమని గోడలు సున్నం పట్టి బిర్రబిగిసి లెక్క 1.4 దాటడమూ ఉంది. అంకె పెద్దదిగా ఉందని సంతోషపడకూడదు, అప్పుడు కాలి బొటనవేలి దగ్గర కొలవాలి. సూది లేదు, కోత లేదు, పావుగంట పని.

ఈ జబ్బును మొదట పట్టించింది మనిషి కూడా కాదు, గుర్రం. 1831లో ఫ్రాన్సులో బూలే అనే పశువైద్యుడు ఒక బండిగుర్రాన్ని గమనించాడు. కాసేపు లాగాక వెనకకాలు కుంటుతుంది, ఆపితే సరిపోతుంది, మళ్లీ లాగితే మళ్లీ కుంటుతుంది. అది చచ్చాక కోసి చూస్తే ఆ కాలి పెద్ద ధమని మూసుకుపోయి ఉంది. మనుషుల్లోనూ ఇదే ఉందని పారిస్ వైద్యుడు షార్కో 1858లో రాశాడు. కుంటే ఎద్దును అమ్మేసే ముందు ఎందుకు కుంటుతోందని నాలుగుసార్లు చూసే రైతు తన కాలి విషయంలో ఆ మాత్రం ఓపిక చూపించడు. ఇది నా బాధ.

రాజు పోయిన పన్నెండేళ్లకు అమెరికాలో ఇంకో ముసలి కాలు వైద్య చరిత్రనే మార్చింది. ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ నగరం. 82 ఏళ్ల అవ్వ. ఎడమపాదం మీద మానని పుండు, వేళ్లు నల్లబడ్డాయి. చూసిన డాక్టర్లందరూ ఒకే మాట: కాలు తీసేయాలి. అవ్వ కూడా ఒకే మాట: తీయనివ్వను. మన దగ్గర ఇలాంటి అవ్వను మొండిదని తిడతాం. ఆ మొండితనానికి ప్రపంచం రుణపడి ఉంది.

అక్కడి సర్జన్ ఆమెను రేడియాలజీ విభాగాధిపతి చార్లెస్ డాటర్ దగ్గరికి పంపాడు. డాటర్‌ను వెనక ‘పిచ్చి చార్లీ’ అనేవాళ్లు. పర్వతారోహకుడు, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మాటర్‌హార్న్ శిఖరం ఎక్కినవాడు. ఎక్స్‌రే తీసి చూపించడమే తప్ప వైద్యం చేయడం రేడియాలజిస్టు పని కాదని సర్జన్లు గిరిగీసిన రోజులవి. అంతకుముందు ఏడాది ఇంకో రోగికి పరీక్ష చేస్తూ ఉండగా ఆయన గొట్టం అనుకోకుండా మూసుకున్న ధమనిలోంచి దూసుకుపోయి దారి తెరిచింది. అది చూసినప్పటి నుంచి, పొరపాటున అయినది కావాలని చేస్తే ఏమవుతుందన్న ఆలోచన ఆయన్ను వదల్లేదు.

1964 జనవరి 16. అవ్వ తొడ ధమనిలో ఒక్కచోట మాత్రం గట్టిగా ఇరుకైందని ఎక్స్‌రేలో తేలింది. మత్తిచ్చి నిద్రపుచ్చకుండానే, తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి సన్నని తీగ పంపాడు. తీగ ఇరుకులోంచి అవతలికి దాటింది. దానిమీదుగా ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం, దానిమీదుగా ఇంకాస్త లావు గొట్టం. ఇరుకు విచ్చుకుంది. నిమిషాల పని. చల్లగా ఉన్న పాదం వెచ్చబడింది. వారంలో నొప్పి పోయింది. పుండు మానింది. నెలల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీసినా ధమని తెరిచే ఉంది. అవ్వ ఆ తర్వాత బతికిన రెండేళ్లకు పైగా కాలం తన రెండు కాళ్ల మీదే నడిచింది.

ఆ నవంబరులో డాటర్, ఆయన సహచరుడు మెల్విన్ జడ్‌కిన్స్ కలిసి ‘సర్క్యులేషన్’ పత్రికలో ఆ వివరాలు ప్రచురించారు. సొంత దేశంలో సర్జన్లు పెదవి విరిచారు. యూరపు వాళ్లు అందిపుచ్చుకున్నారు. 1974లో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రున్‌జిగ్ లావు గొట్టాలకు బదులు బెలూను పెట్టి కాలి ధమని తెరిచాడు. 1977లో అదే బెలూనును గుండెకు పంపాడు. గుండెకు స్టెంటు అంటే ఇప్పుడు మన పల్లెల్లో తెలియని ఇల్లు లేదు, ఆ విద్య పుట్టింది మాత్రం కాలిలో. గుండెకు చేస్తారని తెలిసిన జనానికి కాలికీ చేస్తారని తెలియకపోవడం ఈ కథలోని వింత.

దాని ఫలితం ఏ జిల్లా ఆసుపత్రి వార్డులోనైనా కనబడుతుంది. వేలు నల్లబడితే వేలు తీస్తారు. కోసినచోట మానదు, ఎందుకు మానుతుంది, రక్తమే రావడం లేదు. పాదం తీస్తారు. తర్వాత మోకాలి కింద. ఇంటిల్లిపాదీ ‘షుగరు వల్ల’ అని సరిపెట్టుకుంటారు. మోకాలి దాకా కాలు పోయిన వాళ్లలో దాదాపు సగం మంది ఐదేళ్లు బతకరు. ఆ లెక్క చాలా క్యాన్సర్ల కంటే అధ్వానం.

షుగరు ఉన్నవాళ్ల కష్టం ఇంకోటి ఉంది. అరిచే కండ కూడా మూగపోతుంది. నరాలు మొద్దుబారడంతో పిక్కనొప్పి తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. నల్లబడిన వేలే మొదటి కబురు. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం చేసి 2000లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో 3.2 శాతం మందికి ఈ జబ్బుంది. షుగరు ఉన్నవాళ్లను విడిగా తీస్తే అది 6.3 శాతం. 2010 నాటికి ప్రపంచంలో 20 కోట్ల మందికి ఉందని అంతర్జాతీయ పరిశోధకులు లెక్కగట్టారు. అందులో చాలామందికి ఏ నొప్పీ ఉండదు.

అహోబిలం లాంటి చోట మొద్దుబారిన పాదాలకు మరో ప్రమాదం, కాలిన బండ. వైశాఖంలో నృసింహ జయంతి. సీమ ఎండకు మిట్టమధ్యాహ్నం రాతి మెట్టు మీద ఆరోగ్యవంతుడే గంతులేస్తాడు. స్పర్శ లేని పాదం నిదానంగా, భక్తిగా నడిచి వెళుతుంది. గదికి చేరాక అరికాలి తోలు ఊడివస్తేగానీ కాలిందని తెలియదు. రక్తం ఆడని పాదానికి అది మానే పుండు కాదు. స్వామివారికి చెప్పులు పనికిరావు గానీ మందపాటి నూలు సాక్సులు వేసుకుంటే అపచారమని ఏ శాస్త్రంలోనూ లేదు. పొద్దున్నే ఎక్కండి. ఇంట్లో చేసే కాపడాలు కూడా ఇదే కోవ. తిమ్మిరి పాదానికి వేడినీళ్ల బక్కెట్టు, కాల్చిన ఇటుక, ఇసుక మూట పెట్టి బొబ్బలు తెచ్చుకున్నవాళ్లు ఎందరో. ఆనెలను బ్లేడుతో చెక్కడం ఇంకా దారుణం.

జబ్బు ముదిరిందని చెప్పే గుర్తు రాత్రిపూట వస్తుంది. పడుకుంటే పాదం మండుతుంది. మంచం పట్టె మీద నుంచి కాలు కిందికి వేలాడేస్తే కాస్త హాయి. దుప్పటి తోసేసి, కాలు వేలాడేసుకుని, కూర్చునే కునుకు తీసే ముసలివాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. వేలాడేసినప్పుడు పాదం ఎర్రగా, పైకెత్తితే సున్నంలా తెల్లగా మారుతుంది. జార్జి రాజుకు అక్టోబరు రాత్రుళ్లు వచ్చిన బాధ ఇదే. ఈ దశలో నెలలు కావు, వారాలు లెక్కపెట్టాలి. ఇక ఉన్నట్టుండి ఒక కాలు చల్లబడి, పాలిపోయి, భరించలేని నొప్పి వచ్చి, కదలనంటే గంటలే ఉన్నట్టు. ఆరు గంటల్లోపు రక్తం అందాలి. అప్పుడు పల్లెలో కట్టు కట్టించుకుంటూ కూర్చోకూడదు, 108 పిలవాలి.

మొదటి దశలో ఉన్నవాళ్లకు మాత్రం మందు చాలా చవక. నడక. నొప్పి వచ్చేదాకా నడవడం, వచ్చాక ఆగడం, తగ్గాక మళ్లీ నడవడం. రోజుకు అరగంట నుంచి ముప్పావుగంట, వారంలో కనీసం మూడు రోజులు, మూడు నెలలు. చిన్న నాళాలు పక్కదారులు వేసుకుంటాయి, కండ ఉన్న రక్తంతోనే పొదుపుగా పనిచేయడం నేర్చుకుంటుంది, నడవగలిగే దూరం పెరుగుతుంది. కాళ్లు నొస్తున్నాయని మంచమెక్కినవాడికి జరిగేది దీనికి తలకిందులు. సంక్రాంతి వెళ్లాక పారువేటకు బయల్దేరి, నలభై రోజులకు పైగా ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి వచ్చే స్వామి ఉన్న సీమ మనది. నడకే మందంటే ఇక్కడ ఎవరూ నవ్వకూడదు. పుండు ఉన్నవాళ్లూ, రాత్రినొప్పి ఉన్నవాళ్లూ మాత్రం డాక్టరును అడక్కుండా ఈ నడక మొదలుపెట్టొద్దు.

నడకతోపాటు డాక్టరు రాసే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లాంటి బిళ్ల, బీపీ, షుగరు అదుపు. ఇవన్నీ ఒక ఎత్తు, బీడీ ఒక ఎత్తు. బీడీ మానని మనిషికి వేసిన బైపాస్ అయినా స్టెంటు అయినా మళ్లీ మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. నలభై దాటని కుర్రాళ్ల వేళ్లు ఎండిపోయేలా చేసే బర్జర్ జబ్బుకు పొగాకు మానడమొక్కటే అసలు వైద్యం. ‘తగ్గించినా సార్, రోజుకు రెండే’ అంటారు. రెండు చాలు.

ఇంతకీ ఆ మెట్ల మీది తాత ఏమన్నాడంటే, దర్శనం చేసుకుని పోదాం, తర్వాత చూద్దాం అన్నాడు. అల్లుడు డోలీ మాట్లాడాడు. తాత ఎక్కలేదు, నిలబడుతూ నడుస్తూ పైకి పోయాడు. వాళ్ల కథ అక్కడినుంచి ఎటు తిరుగుతుందనేది ఆయన పట్టుదల మీద కాదు, మనవరాలి పట్టుదల మీద ఆధారపడి ఉంటుంది.

ఆళ్లగడ్డ చేరితే నంద్యాల దూరం కాదు. నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, కర్నూలులో 1956 నుంచి ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో రక్తనాళాల సర్జన్లకు ప్రత్యేక విభాగమే ఉంది. ఖర్చు భయం ఉన్నవాళ్లు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికెళ్లి, వైద్య సేవ కార్డు చూపించి, కాలి రక్తనాళాల చికిత్సకు ఏమేం వర్తిస్తాయో ముందే అడగాలి. రక్తనాళాల సర్జన్ల సంఘం ‘కాళ్లు కోయాల్సిన అవసరం రాని భారతదేశం’ కావాలని ఆగస్టు 6న నగరాల్లో నడకలు పెడుతోంది. మంచిదే. కానీ ఆ నడక విశాఖ బీచ్‌రోడ్డులో కంటే ఆళ్లగడ్డ బస్టాండులో ఎక్కువ అవసరం. ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూసే ఏఎన్ఎంలకు పాదం నాడి చూడడం కూడా నేర్పితే అయ్యే ఖర్చు సున్నా. ఆరోగ్యశాఖ ఈ ఒక్క పని చేస్తే చాలు.

మీరు చేయాల్సినవి రెండే. ఎవరైనా డాక్టరు కాలు తీయాలంటే సంతకం పెట్టే ముందు, రక్తనాళం పరీక్ష చేశారా, గొట్టంతో ధమని తెరిచే యాంజియోప్లాస్టీకో, రక్తానికి పక్కదారి వేసే బైపాస్‌కో అవకాశముందా అని అడగండి. ముదిరిన ఇన్ఫెక్షన్ ప్రాణం మీదికి వచ్చినప్పుడు కోత తప్పకపోవచ్చు, అప్పుడైనా ఆ ప్రశ్నకు జవాబు మీకు దక్కాలి. రెండోది ఇవాళే చేయొచ్చు. ఇంట్లో అరవై దాటినవాళ్లనూ, షుగరు ఉన్నవాళ్లనూ, బీడీ తాగేవాళ్లనూ కూర్చోబెట్టి పాదాలు చూడండి. రెండు చోట్లా నాడి అందకపోతే రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.